స్టార్టర్ మీద తువ్వాల

నేను అడిగింది రెండు వాక్యాలు. పదవి అడగలేదు, సన్మానం అడగలేదు, నా పేరు వేయమని కూడా అడగలేదు. ఒక పేజీలో, అందరికీ కనబడేచోట, రెండు వాక్యాలు పెట్టమన్నాను. పెడతామని ఇంతవరకు ఎవరూ అనలేదు. పెట్టబోమని కూడా ఎవరూ అనలేదు. తిట్టినా బాగుండేది, తిట్టు కూడా ఒక జవాబే. మా వైపు పెళ్లిలో ఒకడి విస్తరిలో కావాలని ముక్కలు తక్కువ వేస్తే వాడు లేచి వెళ్లిపోతాడు, ఏళ్ల తరబడి ఆ ఇంటి గడప తొక్కడు. అయినా వాడికి ఒక తృప్తి ఉంటుంది, వాణ్ని తక్కువ చేయాలని ఎవరో ఒకరు పనిగట్టుకుని అనుకున్నారు కదా అని. నా గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు. నా విస్తరి దగ్గరికి వడ్డించేవాడే రాలేదు.

చెప్పాల్సినవాళ్లకు చాలాసార్లు చెప్పాను. ఇప్పుడు చదివేవాళ్లకు చెబుతున్నాను.

కోరుట్ల బస్టాండు దగ్గర నాకు ఒక జిరాక్స్, ఇంటర్నెట్ షాపు ఉంది. అంతకుముందు గల్ఫ్‌లో ఒక కంపెనీ గోదాములో స్టోర్‌కీపర్‌గా ఉండేవాణ్ని. అక్కడికి వచ్చే ప్రతి యంత్రంతోపాటు ఒక చిన్న పుస్తకం వచ్చేది. యంత్రాన్ని బిగించేవాళ్లు ఆ పుస్తకాన్ని అట్టపెట్టెతో కలిపి పారేసేవాళ్లు. నేను ఏరుకుని చదివేవాణ్ని. మంచి పుస్తకం ముందుగా చెయ్యి ఎక్కడ పెట్టకూడదో చెబుతుంది, ఆ తర్వాతే ఎక్కడ పెట్టాలో చెబుతుంది. ఈ మాట మా ఫోర్‌మన్‌తో అంటే, నలుగురి ముందూ నన్ను "కితాబుల షేక్" అన్నాడు. ఆ నలుగురూ ఎవరెవరో, వాళ్లలో ఎవరు గట్టిగా నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

మా అక్కను మల్లాపూర్ దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. బావ షార్జాలో ఉంటాడు, వ్యవసాయం అక్క చేస్తుంది. వరి, ఒక చెక్కలో పసుపు. బోరు మోటారు పొలం మధ్యలో ఉంటుంది, ఇల్లు ఊళ్లో ఉంటుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు పొలానికి నడిచి వెళ్లి మోటారు మళ్లీ వెయ్యాలి. ఎవరో ఒకరు అంటే అక్కే.

అలాంటి ఇళ్ల కోసమే ఆ బోర్డు వచ్చింది. అరచేయంత సర్క్యూట్ బోర్డు, అందులో ఒక సిమ్ము. దాన్ని మోటారు స్టార్టర్ పెట్టెకు కలుపుతారు. ఆ సిమ్ము నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే మోటారు నడుస్తుంది, ఇంకోసారి ఇస్తే ఆగుతుంది. మనవాళ్లకు మిస్డ్ కాల్ అంటే నేర్పాల్సిన పని లేదు. పాలు పోయించుకోవడానికి రమ్మన్నా, బస్సు దిగాను బండి తెమ్మన్నా, క్షేమంగా చేరానన్నా మిస్డ్ కాలే. షార్జాలో కడుతున్న బిల్డింగు మెట్ల మీద కూర్చుని మల్లాపూర్ దగ్గర మడి తడపవచ్చని తెలిసిన రోజు బావ నాకు ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, పెండ్లయిన కాడికెల్లి గీడనే ఉన్న. ఇంటికాడ నేను చేసే పని ఒక్కటన్న దొరికిందిరా ఇయ్యాల" అన్నాడు.

ఆ బోర్డు లోపల నడిచే ప్రోగ్రాం ఏ కంపెనీదీ కాదు. దాన్ని రాసినవాళ్లు దాన్ని అందరికీ తెరిచిపెట్టారు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు, మార్పు బాగుంటే చూసుకునేవాళ్లు దాన్ని అసలులో కలుపుతారు. ఆ చూసుకునేవాళ్లు నాలుగు దేశాల్లో ఉన్నారు, కొందరు హైదరాబాద్‌లో ఉన్నారు. అందరూ జీతం లేకుండా చేస్తున్నవాళ్లే. బోర్డును ఎలా బిగించాలి, ఎలా వాడాలి అని చెప్పే పేజీలు కూడా అలాగే తెరిచి ఉంటాయి, ఎవరైనా దిద్ది పంపవచ్చు. అంతా ఇంగ్లీషులో ఉండేది. అక్క ఇంట్లో బోర్డు బిగించింది నేనే కాబట్టి, ఆ పేజీలన్నీ తెలుగులో రాసి పంపాను. "అద్భుతం!" అని జవాబు వచ్చింది, పక్కన ఎర్ర గుండె బొమ్మతో. నేను ఆ బొమ్మను నమ్మాను.

తర్వాత ఇంగ్లీషు పేజీలో ఒక దిద్దుబాటు పంపాను. "బోర్డును నిలకడగా ఉండే కరెంటుకు కలపండి" అని ఉందక్కడ. కరెంటు వస్తూ పోతూ ఉండేచోట ఏం చెయ్యాలో ఒక పేరా కలిపాను. "ఇది ఒక ప్రాంతానికి మాత్రమే సంబంధించింది" అని తీసేశారు. బోర్లు, బావులు, స్టార్టర్లు ఉండేవి ఆ ప్రాంతంలోనే కదా, కరెంటు ఎన్నడూ పోని ఊళ్లో దీన్ని ఎవరు కొంటారని రాశాను. కింద ఎవరో ఒక నవ్వు బొమ్మ పెట్టారు. ఎవరు పెట్టారో నాకు గుర్తుంది.

ఇది చిన్న విషయం. పెద్ద విషయానికి వస్తాను.

మా వైపు పొలాల్లో ఒక పద్ధతి ఉంది. మోటారు దగ్గర పని చేస్తున్నవాడు, అది తీగ బిగించడం కానీ పైపు విప్పడం కానీ, ముందు స్టార్టర్ ఎర్ర బొత్తాం నొక్కి, భుజం మీది తువ్వాల తీసి పెట్టె మీద వేస్తాడు. తువ్వాల ఉందంటే మోటారు దగ్గర మనిషి ఉన్నాడని అర్థం. అటుగా వచ్చిన పాలివాడైనా, పగవాడైనా ఆకుపచ్చ బొత్తాం జోలికి పోడు. ఎండిపోతున్న మడి తనదే అయినా గట్టు మీద కూర్చుని చూస్తాడు, లేదా "ఎవలే మోటరు కాడ?" అని కేకేస్తాడు. ఆడవాళ్లు అయితే కండువానో, పాత చీర ముక్కనో వేస్తారు. ఫ్యూజులు పీకడం మంచి పద్ధతని అందరికీ తెలుసు. కానీ తువ్వాల ఉండగా ఫ్యూజులు పీకడమంటే ఊరిని నమ్మనట్టు.

అక్క పొలంలో ఒక రోజు స్టార్టర్ పెట్టెలో మోటారుకు వెళ్లే తీగ ఒకటి వేడెక్కి నట్టు వదులైంది. అక్క ఎర్ర బొత్తాం నొక్కింది. బావ పంపిన తువ్వాల తీసి పెట్టె మీద, నలుగురికీ కనబడేలా వేసింది. ఫోన్ ఆవలి గట్టు మీద, మోగినా వినబడనంత దూరంలో పెట్టి నట్టు బిగించడానికి చెయ్యి లోపల పెట్టింది. షార్జాలో అప్పుడే బావకు డ్యూటీ మధ్యలో కాస్త వెసులుబాటు దొరికింది. మోటారు ఆగిందని బోర్డు పంపిన మెసేజ్ చూశాడు. మిస్డ్ కాల్ ఇచ్చాడు.

నేను కోరుట్లలో డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి అక్క బల్ల మీద కూర్చుని ఉంది. రెండు వేళ్లకు కట్టు, మోచెయ్యి బెణికి గుడ్డ ఊయలలో ఉంది. నన్ను చూడగానే ఒకటే మాట.

"నేను తువ్వాల ఏసిన గదరా తమ్మీ."

"ఏసినవే అక్కా."

"పక్క పొలపాయన సూసిండు. 'ఏమైందే మోటరుకు' అని అడిగి గట్టు మీద కూసున్నడు. అందరు సూసిండ్రు. తువ్వాల ఏసిన మోటరు ఎట్ల నడుస్తదిరా?"

"బావ ఫోన్ చేసిండట."

"ఆయన ఫోన్ చేస్తడని నాకెట్ల యాదికుంటది? మోటరు ఏసెటోడు కండ్ల ముంగట ఉంటడనే మనసుల ఉంటది. గంత దూరం మనిషి గా పెట్టెల ఉన్నడని ఎవలనుకుంటరు?"

పక్క పొలం ఆయనే ఎండిన కట్టెతో ఆమె చెయ్యిని పెట్టెనుంచి కొట్టి విడిపించాడు. ఆయన గట్టు మీద లేకపోతే నేను ఇది వేరే రకంగా రాసేవాణ్ని, అసలు రాసేవాణ్ని కాదేమో.

బావ నాకు ఫోన్ చేశాడు. "నేను ముందుగాల మీ అక్కకే చేసిన్రా. ఎత్తలే. చేతులు బురదగున్నయేమో, మడికాడ నీళ్ల కోసం సూస్తున్నదేమో అనుకున్న. మంచిగనే గదరా చేసిన?"

"స్టార్టర్ మీద తువ్వాల ఏసి ఉండె బావా."

అటునుంచి కాంక్రీటు కలిపే యంత్రం చప్పుడు వస్తోంది.

"షార్జాల కెల్లి తువ్వాల ఎట్ల కనవడుతదిరా?" అన్నాడు.

నేను అడిగిన రెండు వాక్యాల్లో ఒకటి బావదే. బోర్డు ఎలా బిగించాలో చెప్పే పేజీలో అన్నిటికంటే ముందు ఇలా ఉండాలని ఆ బోర్డు వాళ్ల సైట్‌లో పోస్టు పెట్టాను: "పెట్టెలో చెయ్యి పెట్టేముందు ఫ్యూజులు పీకి మీ దగ్గర పెట్టుకోండి. స్టార్టర్ మీద వేసిన తువ్వాల ఫోన్ చేసేవాడికి కనబడదు." కింద ఇంగ్లీషులోనూ రాశాను. ఎందుకో వివరంగా రాశాను, అక్క వేళ్ల సంగతి కూడా రాశాను.

మొదటి జవాబు ఒక చలిదేశం ఆయన దగ్గరనుంచి వచ్చింది. "తువ్వాల అన్నది ఏ తరహా భద్రతా పరికరం? దానికి ఏదైనా ప్రమాణం ఉంటే లింకు ఇవ్వగలరు" అన్నాడు. నేను ఓపికగా రాశాను. తువ్వాల అంటే గుడ్డ. భుజం మీద వేసుకుంటాం, మొహం తుడుచుకుంటాం, ఎండకు తలకు చుట్టుకుంటాం, చెట్టు కింద పరుచుకుని పడుకుంటాం. స్టార్టర్ మీద వేస్తే మోటారు దగ్గర మనిషి ఉన్నట్టు. రెండో ఆయన, "అర్థమైంది, కానీ ప్రాంతీయ దుస్తుల గురించి రాయడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతాం?" అన్నాడు. మూడో మనిషి, "తువ్వాల తడిగా ఉంటే ఇంకా ప్రమాదం కదా?" అని అడిగింది. అది మంచి ప్రశ్నే. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. అక్క వేళ్ల గురించి ఎవరూ అడగలేదు. ఒకరు ఏడుపు బొమ్మ పెట్టారు, ఆ ఒక్క బొమ్మను నేను తప్పుపట్టను.

కొన్ని రోజులకు, "మీ సూచనను చేర్చుకున్నాం, కృతజ్ఞతలు" అని వచ్చింది. షాపులో కస్టమర్లను నిలబెట్టి పేజీ తెరిచాను. బోర్డు బిగించడానికి కావలసిన సామాను ఒకచోట రాసి ఉంటుంది. బోర్డు, సిమ్ము, తీగలు, స్క్రూడ్రైవరు. వాటి కింద కొత్తగా ఒక వస్తువు చేరింది. "తువ్వాల, ఒకటి. ఉంటే మంచిది, తప్పనిసరి కాదు."

తెలుగు పేజీ నాది కాబట్టి దీన్ని నేనే తెలుగు చెయ్యాలి. చెయ్యనన్నాను. నా చేత్తో ఆ మాట రాయను అన్నాను. సరే అని, మెషీన్ చేత తెలుగు చేయించారు. ఇప్పుడు మా తెలుగు పేజీలో "స్నానపు తువ్వాలు" అని ఉంది. ఆ వారంలోనే మెట్‌పల్లి వైపునుంచి ఒక రైతు నా షాపుకు వచ్చి సంచీ బల్ల మీద గుమ్మరించాడు.

"సారూ, బోర్డు తెచ్చిన, సిమ్ము తెచ్చిన, గిదో కొత్త టవల్ గూడ తెచ్చిన. దీన్ని ఏ తీగకు కట్టాలె?"

ఆయనకు మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టి, ఫ్యూజుల గురించి నోటితో చెప్పాను. టవలు ఇంటికి తీసుకుపోయి వాడుకోమన్నాను. "మరి రాసి ఉన్నది గద" అన్నాడాయన, టవలు మడతపెట్టుకుంటూ. రాసి ఉన్నదాన్ని నేను కాదంటున్నానని ఆయనకు నా మీదే అనుమానం వచ్చినట్టుంది. వెళ్తూ పక్క షాపులో ఇంకోసారి అడిగి వెళ్లాడు.

పేజీలో పెట్టకపోతే కాగితం మీదైనా పోతుందని అనుకున్నాను. జగిత్యాలలో ఒక ఎలక్ట్రికల్ షాపు ఆయన ఈ బోర్డులు అమ్ముతాడు. నా తెలుగు పేజీలను చిన్న పుస్తకంగా అచ్చువేసి ప్రతి బోర్డుతోపాటు ఇస్తాడు. నా పేరు వేయలేదు, అది నేను అడగలేదు కాబట్టి దాని గురించి ఎక్కువ మాట్లాడను. అట్ట మీద మాత్రం ఆయన ఫోటో ఉంది. పుస్తకంలో మొదటి కాగితంగా నా రెండు వాక్యాలూ పెద్ద అక్షరాల్లో వేయమని నేనే టైపు చేసి, ప్రింటు తీసి, బస్సెక్కి వెళ్లి ఇచ్చివచ్చాను. తలూపి తీసుకున్నాడు. తర్వాతిసారి జగిత్యాల వెళ్లి ఒక పుస్తకం తెరిస్తే, అట్ట తర్వాత నేరుగా "బోర్డును పెట్టెలో ఇలా అమర్చండి" అని ఉంది.

"నా కాయితం ఏదన్నా?" అన్నాను.

"తీసిన అన్నా. గది సూసి ఇద్దరు ముగ్గురు బోర్డు వద్దని పోయిండ్రు. కొనవచ్చినోన్ని గుమ్మంలనే భయపెడ్తే ఎట్ల?"

"భయపడాలెనే రాసిన. మా అక్క వేళ్లు కాలినయ్."

"మీ అక్కది నాకు బాధనే అన్నా, నేనొచ్చి సూసిన గద." నిజమే, పండ్లు పట్టుకుని వచ్చి చూశాడు. "గని నువ్వే జెప్పినవ్ గద, గిది అందరిది, ఎవలైనా వాడుకోవచ్చు, ఎవలైనా మార్చుకోవచ్చు అని. నేను మార్చుకున్న. తప్పేమున్నది?"

తప్పేమీ లేదు. ఈ తెరిచి ఉంచే పద్ధతి ఎంత గొప్పదో ఆయన షాపులో స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతూ వివరించింది నేనే. అంత శ్రద్ధగా నా మాట విన్నవాడు ఈ మొత్తం వ్యవహారంలో ఆయన ఒక్కడే.

ఇక సిరిసిల్ల. అక్కడ మరమగ్గాల షెడ్లవాళ్లు నీళ్ల ట్యాంకు మోటార్లకు ఈ బోర్డులు పెట్టుకున్నారు. కొందరు మగ్గాలకే పెట్టుకోవడం మొదలుపెట్టారు. అందుకని ప్రాజెక్టు చూసుకునే హైదరాబాద్ వాళ్లు సిరిసిల్లలో ఒక ఫంక్షన్ హాల్లో కలయిక పెట్టారు. ఇన్నాళ్లూ అక్షరాలుగా ఉన్నవాళ్లు మనుషులుగా దొరుకుతారని కోరుట్లలో షాపు మూసి బస్సెక్కాను.

నా పక్కన ఒక ఆసామి కూర్చున్నాడు. ఆసామి అంటే అక్కడ షెడ్డు, మగ్గాలు సొంతంగా ఉన్నవాడు. స్టేజీ మీద ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతుంటే, నేను ఎందుకొచ్చానో మెల్లగా ఆయనకు చెప్పాను. తువ్వాల అంటే ఏమిటని ఆయన అడగలేదు.

"మా షెడ్ల గూడ గంతే. సాంచ కింద మనిషి దూరిండంటే స్విచ్చుకు దారం ముక్క కడ్తడు. దారం ఉన్న స్విచ్చు నేను గూడ ముట్ట, ఆసామినైనా సరే." సాంచ అంటే వాళ్ల మాటలో మరమగ్గం. జేబులోంచి ఫోన్ తీసి చూశాడు. "నేను కరీంనగర్‌ల ఉండి ఫోన్ చేస్తే దారం నాకు గూడ కనవడదు గద?"

"కనవడదు."

"మరి గా బుక్కుల రాయలేదేంది?"

"గదే అడుగుదామని అచ్చిన."

ప్రసంగాలు అయ్యాక పత్రాల పని చూసుకునే అమ్మాయిని వెతికి పట్టుకున్నాను. మర్యాదగల అమ్మాయి. నా ఊరు చెప్పగానే మొహం వెలిగిపోయింది.

"ఓ, మీరేనా టవల్ అంకుల్!" అంది. చుట్టూ ఉన్న పిల్లలందరూ తిరిగి చూశారు. "మీ పోస్ట్ అంటే మా టీమ్‌లో అందరికీ చాలా ఇష్టం అంకుల్. నిజంగా."

"సంతోషమమ్మా. ఆ రెండు వాక్యాలు ఎప్పుడు పెడ్తరు?"

"అదీ... ప్రమాదం ఉంటుందని మనమే రాస్తే, ప్రమాదం ఉందని మనమే ఒప్పుకున్నట్టు అయిపోతుంది కదా అంకుల్. లీగల్‌గా ఎవరైనా చూడాలి."

"ఎవలు చూడాలె?"

"అందరం వాలంటీర్లమే కదా. ఫలానా వాళ్లని చెప్పలేం."

"పోనీ, పెట్టం అని రాయుండ్రి. నా పోస్టు కింద, ఒక్క ముక్క. నేను ఇంకోచోట అడుక్కుంట."

ఆ అమ్మాయి నిజంగానే నొచ్చుకుంది. "అయ్యో, అట్లా నో ఎలా అంటాం అంకుల్? ఎవరి సూచననూ కాదనకూడదు, అందరినీ ఆహ్వానించాలి అనేది మా నియమం."

కాదనకూడదనే నియమం అంత గట్టిది. అవుననడానికి మాత్రం ఏ నియమమూ లేదు.

చివర్లో ప్రాజెక్టుకు పనిచేసినవాళ్లకు టీషర్టులు పంచారు. నా వంతు వచ్చేసరికి ఇచ్చే పిల్లవాడు కంప్యూటర్లో చూసి, "సార్, మీవి టెక్స్ట్ చేంజెస్ కదా, టీషర్ట్ కోడ్ రాసినవాళ్లకు మాత్రమే" అని ఒక స్టిక్కరు ఇచ్చాడు. ఆసామి పక్కనుంచి ఒక టీషర్టు అంచు వేళ్లతో నలిపి చూసి, "తీస్కోకున్నా ఏం గాదు సారూ. రెండు ఉతుకులకు మెడ సాగుతది" అన్నాడు. మొత్తం సిరిసిల్ల ప్రయాణంలో నాకు దక్కిన గౌరవం అది.

తర్వాత ఏమైందంటే, నా పోస్టును మూసేశారు. మూసింది మనిషి కాదు. చాలా రోజులుగా కదలిక లేని పోస్టులను ఒక మెషీన్ తనంతట తాను మూసేస్తుందట. "కదలిక లేనందున దీన్ని మూసివేస్తున్నాం. మీ సహకారానికి ధన్యవాదాలు" అని రాసింది. నేను మళ్లీ తెరిచి, "కదలిక ఉంది" అని రాశాను. ఎవరూ పలకలేదు. గడువు కాగానే మెషీన్ మళ్లీ వచ్చి, అవే మాటలతో, అదే మర్యాదతో మూసింది. నేను తెరుస్తాను, అది మూస్తుంది. దాని మీద నాకు కోపం లేదు. ఇంతమందిలో మాట మీద నిలబడేది, వేళకు వచ్చేది అదొక్కటే. షాపు ముందు చాయ్ అమ్మే ఆయన నేను కంప్యూటర్ ముందు గొణగడం చూసి, "ఏం సారూ, ఇయ్యాల మల్ల మూసిందా?" అని అడుగుతాడు. మూసిందంటే, "గట్టిదే సారూ, నీ లెక్కనే ఉన్నది" అంటాడు.

తెలుగు అనువాదం చేసింది నువ్వే కదా, నువ్వే పెట్టుకోవచ్చు కదా అని ఒకరిద్దరు నన్నే అన్నారు. అసలులో లేని మాట అనువాదంలో ఉండకూడదట, పెడితే మెషీన్ తీసేస్తుంది. రెండుసార్లు తీసేసింది కూడా.

మా ఇంట్లో సంగతి మేం సర్దుకున్నాం. బావ ఇప్పుడు ముందు అక్కకు ఫోన్ చేస్తాడు. ఆమె ఎత్తి, "ఏసుకో" అంటేనే మోటారుకు ఇస్తాడు. ఎత్తకపోతే మడి నెర్రెలిచ్చినా ఇవ్వడు. చాలా రోజులు అసలు ఇవ్వనే లేదు. "నువ్వే నడువు, నేను ముట్ట" అన్నాడట. అక్కే కసిరింది. "మల్ల పొద్దుమాపు నన్నే తిప్పుతవా? సిగ్గువడక చెయ్యి, నేను జెప్పినంక" అంది. కాలిన వేళ్లు సరిగ్గా ముడుచుకోవు. నాట్లకు ఇప్పుడు ఎడమ చెయ్యి అలవాటు చేసుకుంటోంది. నా షాపు విషయం వచ్చినప్పుడల్లా, "ఏమన్నరురా మీ దోస్తులు, రాసిండ్రా?" అని అడుగుతుంది. వాళ్లు నా దోస్తులని ఆమె ఇప్పటికీ అనుకుంటోంది.

నేను ఆపెయ్యవచ్చు. నా అక్క బతికింది, ఆమెకు తెలిసింది, ఇక నాకెందుకు అనుకోవచ్చు. మొన్న గొల్లపల్లినుంచి ఒకామె పాస్‌బుక్ జిరాక్స్‌కు వచ్చింది. బంధువుల ఇంటికి వచ్చి, వెళ్తూ ఆగిందట. ఆమె సంచీలో జగిత్యాల షాపు పుస్తకం కనబడి అడిగాను. భర్త మస్కట్‌లో ఉంటాడు, బోర్డు పెట్టించి నెల కూడా కాలేదు. స్టార్టర్‌లో తీగ కాలిన వాసన వస్తోందని, తనే విప్పి చూస్తానని అంది. జిరాక్స్ ఆపి ఆమెకు మొత్తం చెప్పాను. ఫ్యూజులు పీకమన్నాను, పీకి పక్కన పెట్టకుండా కొంగున కట్టుకోమన్నాను. శ్రద్ధగా విన్నది. విని పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిప్పింది.

"దీంట్ల గట్ల లేదు గద సారూ."

"లేదు. నేను జెప్తున్న గదమ్మా."

"మీరు మంచికే జెప్తున్నరు. గని ఆయన ఊకోడు. బుక్కుల ఏమున్నదో గట్లనే చెయ్యి, నీ తెలివి వెట్టకు అన్నడు. గీండ్ల రాసి ఉంటే ఆయన నమ్ముతుండె."

ఆమెకు నా రెండు వాక్యాలు ప్రింటు తీసి ఇచ్చాను. తీసుకుని చూసి, కింద ఏ ముద్రా లేదని గమనించింది. మడిచి సంచీలో వేసుకుంది. అది భర్తకు చూపించిందో లేదో, ఆయన నమ్మాడో లేదో, ఆ తీగను ఆమె ఎలా విప్పిందో నాకు తెలియదు. ఫోన్ నంబరు అడగడం ఆమెకు బాగుండదని అడగలేదు. గొల్లపల్లి బస్సు వెళ్లినప్పుడల్లా అదే గుర్తొస్తోంది.

అందుకే మళ్లీ అడుగుతున్నాను. యాసంగి నాట్లు నడుస్తున్నాయి. ఎక్కడ చూసినా మోటార్లు తిరుగుతున్నాయి, తీగలు వేడెక్కుతున్నాయి, నట్లు వదులవుతున్నాయి. వాటిని బిగించేది ఇంటి దగ్గర ఉన్న ఆడవాళ్లు. ఫోన్ చేతిలో ఉన్న మగవాళ్లు సముద్రం అవతల ఉన్నారు. వాళ్లు నమ్మేది నా నోటిని కాదు, మీ పేజీని. పోస్టు మళ్లీ తెరిచాను, ఈ రాసిందంతా అక్కడ పెడుతున్నాను. చలిదేశం ఆయనా, దుస్తుల గురించి బెంగపెట్టుకున్న ఆయనా, నన్ను నవ్వుతూ పలకరించిన అమ్మాయీ, మీలో ఎవరైనా సరే. ఆ రెండు వాక్యాలు పెడతారా, పెట్టరా? పెట్టకపోతే ఎందుకు పెట్టరు? బొమ్మలు వద్దు, ధన్యవాదాలు వద్దు. మీలో ఒక మనిషి, కింద తన పేరు పెట్టి, నాకు జవాబు చెప్పాలి.